విశ్వకర్మ పూజనాడు ఆడిన రంపం

భిలాయిలో విశ్వకర్మ పూజనాడు సైకిల్ పంపుకి కూడా సెలవే. అలాంటి రోజున రంపం తిప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఆ సంగతి వనజాక్షికి తెలియక కాదు. సాయంత్రానికి రాయపూర్ తలుపుల కంపెనీకి టేకు లోడు వెళ్లకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే, పవర్ హౌస్ పేట వెనకున్న కలప కోత మిల్లుని అమ్మేద్దామని బావగారు గురునాథరావు కాచుక్కూర్చున్నాడు. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఆ మిల్లులో వాటా ఒక్కటే.

పనివాళ్లంతా పూజ పందిట్లో ఉన్నారు. మిల్లులో ఆమె, తమ్ముడు యుగంధర్, ఇద్దరే. బెల్టు మీద టేకు పలక కదులుతుంటే పైనున్న కెమెరా చూసి, చెక్కలో కణుపులాంటి ముడి కనబడినచోట తెర మీద ఎర్రగీత గీస్తుంది. రంపం దిగి ఆ ముడికి అటూ ఇటూ కోసి తొట్టెలో పారేస్తుంది. ముడంటే ఏమిటో దానికి నేర్పింది వనజాక్షే. కళ్లలో ఒత్తులేసుకుని వేల ఫొటోలు చూపించింది. శుభ్రమైన చెక్క కానిదల్లా ముడే, కోసి పారెయ్. దానికొచ్చిన చదువంతా అదే.

గురునాథరావుకి అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇన్నాళ్లూ పలకని వేలితో తట్టి మంచీచెడ్డా తేల్చిన పెద్దమనిషి. కెమెరా వచ్చాక ఆయన్ని అడిగే దిక్కులేదు. రంపం హోరు పందిట్లోకి వినబడగానే, గుంజలు పాతిన గునపంతోనే ఊడిపడ్డాడు.

“ఏటమ్మా, పూజనాడు బ్లేడు తిప్పుతున్నావేటి? నా తమ్ముడితోపాటు దేవుడు కూడా పోయాడేటి నీకు?”

“ఒక్క లోడు బావగారూ. అయ్యాక నేనే కొబ్బరికాయ కొడతాను.”

యుగంధర్ అడ్డొచ్చాడు. “రుకియే, ఆగండి, మెషీన్ నడుస్తోంది” అన్నాడో లేదో, గునపం మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆ హోరులోనూ వినబడింది. యుగంధర్ బెల్టు మీద బోర్లా పడ్డాడు. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడోది గురి తప్పి రంపం మీది మూతని పగలగొట్టింది. తెర మీద యుగంధర్ భుజం చుట్టూ ఎర్రగీత పడింది.

వనజాక్షి పరుగున వెళ్లి ఆపే మీట కొట్టింది. రంపం దిగబోతూ ఆగింది. తమ్ముణ్ణి చొక్కా పట్టి కిందికి లాగింది. నోట్లోంచి నెత్తురు కారుతుంటే వాడు “దీదీ, దీదీ” అని మూలుగుతున్నాడు. ఆమెకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది.

గురునాథరావు వాళ్లవంక చూడనైనా లేదు. ఎడమచెయ్యి బెల్టు మీది పలకకి ఆనించి, వంగి, కెమెరా మీదకి గునపం ఎత్తాడు.

“ఈ కన్ను పొడిచేస్తే నీ పొగరు దిగిపోద్ది. రేపే మిల్లు అమ్మకం.”

“చెయ్యి తియ్యండి బావగారూ.”

“తియ్యను. ఏటి చేస్తావు?”

ఏడుస్తుందనుకున్నాడు, పాపం. వనజాక్షి నడిపే మీట నొక్కింది. తెర మీద ఆయన మణికట్టు చుట్టూ ఎర్రగీత వచ్చింది. రంపం అటొకసారి, ఇటొకసారి దిగింది. కోసిన ముక్క తొట్టెలోకి జారిపోయింది.

అప్పుడు అరిచాడు గురునాథరావు. గునపం వదిలేసి నేల మీద కూలబడ్డాడు. వనజాక్షి రంపం ఆపింది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని తమ్ముడికి చెప్పి, చీరచెంగు చింపి, నెత్తుట్లో మోకాళ్లూని ఆయన మోచేతి పైన గట్టిగా కట్టింది.

ఆయన పెదాలు పాలిపోయాయి. ఆమె మొహంలోకి చూస్తూ గొణిగాడు.

“మెషీన్ తప్పే కదమ్మా?”

“కాదు బావగారూ. దానికి నేర్పిందే అది చేసింది” అంది వనజాక్షి, కట్టు ఇంకాస్త బిగిస్తూ. “మీట నేనే నొక్కేను.”