మునికుమార్ ఊ అన్నాడు

తెర మీద మునికుమార్ మూడోసారి "ఊ" అనేసరికి హాలంతా చప్పట్లు మోగాయి. మోక్షిత మాత్రం చప్పట్లు కొట్టలేదు. పక్క కుర్చీలో ఆవిడ మోచేత్తో పొడిచి, "ఎంత మార్పో చూశారా!" అంది. మోక్షిత చేతిలోని కాఫీ కప్పు కుర్చీ కింద పెట్టేసింది. ఆ కాఫీ ఇక గొంతు దిగేది కాదు.

చంద్రగిరి దాటాక హైవే పక్కన కొత్తగా లేచిన ప్రైవేటు మెడికల్ కాలేజీ అది. మోక్షిత అక్కడ సైకాలజిస్టుగా చేరి పది రోజులే అయింది. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు జ్ఞాపకం ఎంత మిగిలింది, మాట ఎంతవరకు అర్థమవుతోంది అని పరీక్ష చెయ్యడం ఆమె పని. తెర మీది మనిషిని మాత్రం ఆమె ఇంకా నేరుగా చూడలేదు. ఆమె చేరకముందే ఆ పరీక్ష డాక్టర్ పరంధామయ్య స్వయంగా కానిచ్చేశారు.

పరంధామయ్య న్యూరాలజీ విభాగానికి పెద్ద. ఆయన పరిశోధన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ముక్కు. మెదడుకు మందు చేరవెయ్యడం మాటలు కాదు. నోట్లో వేసినా నరానికి ఎక్కించినా, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న పొర చాలా మందుల్ని లోపలికి పోనివ్వదు. వాసన పట్టే నరాలు మాత్రం ముక్కు పైభాగం నుంచి తిన్నగా మెదడులోకే వెళ్తాయి. ఆ దొడ్డిదారిన మందు పంపితే దెబ్బతిన్న మెదడు ఇంకా ఇంకా క్షీణించకుండా ఆపవచ్చునని ఆశ. మంచి ఆశే. లోకంలో ఎందరో నిజాయితీగా ఆ దారి వెతుకుతున్నారు. మోక్షిత ఈ ఉద్యోగానికి రావడానికి కారణం కూడా ఆ ఆశే. వాళ్ళ అవ్వ పెరుందేవి చివరి రోజుల్లో కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు, ప్రసాదం తీసుకున్నావా?" అని అడగడం ఆమె కళ్ళారా చూసింది.

ఇప్పుడు ఆ ఆశను పట్టుకుని తెర మీద జరుగుతున్నదేమిటి?

"నీ పేరు మునికుమార్ కదా?"

"ఊ."

"మీది బంగారుపాళ్యం కదా?"

"ఊ."

"ముక్కులో మందు వేసినాక బాగుంది కదా?"

"ఊ."

మూడు కదాలు, మూడు ఊలు, అంతే పరీక్ష. చివరి ఊ కింద ఇంగ్లీషులో "అవును, మందు మొదలయ్యాక నాకు చాలా బాగుంది" అని వేశారు. ఒక్క అక్షరంలో అన్ని మాటలున్నాయని బెంగళూరు నుంచి వచ్చిన మందుల కంపెనీవాళ్ళు నమ్మారంటే సరే, వాళ్ళకు తెలుగు రాదు. తెలుగుగడ్డ మీద పుట్టి పెరిగిన పరంధామయ్యకు ఊ అంటే ఏమిటో తెలియదా? మన ఇళ్ళలో కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. అందుకని పిల్లలు సగం నిద్రలో కూడా ఊ కొడుతూనే ఉంటారు. అవ్వ రాకుమారుణ్ణి చంపినా ఊ, బతికించినా ఊ. మోక్షిత కూడా అట్లా ఎన్ని కథలకు నిద్రలో ఊ కొట్టిందో లెక్కలేదు. అది జవాబు కాదు, అలవాటు. మనిషిలో అన్నీ పోయాక కూడా ఉండిపోయే అలవాటు.

హాలు ఖాళీ కాకముందే ఆమె లేచి వార్డుకు వెళ్ళింది.

మునికుమార్ కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బంగారుపాళ్యంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి లోడు దించే మనిషి. పోయిన సీజన్లో పని ముగించుకుని బండి మీద ఇంటికి పోతూ డివైడర్‌కు కొట్టుకున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చుని తల్లి సుబ్బులమ్మ కథ చెబుతోంది.

"అప్పుడా నక్క ఏం జేసిందంటే నాయనా, మెల్లింగా మామిడితోపులోకి దూరినాది."

"ఊ."

"ఆడ సూస్తే కావిలోడు గుర్రుపెట్టి నిద్దరపోతా ఉండాడు."

"ఊ."

మోక్షితను చూడగానే ముసలామె మొహం వికసించింది. "సూడు పాపా, ఎంత బాగా ఊ కొడతా ఉండాడో! చిన్నప్పుడూ ఇంతే. కత సగంలో ఆపితే ఒప్పుకునేటోడు కాదు. మావోనికి అంతా తెలస్తా ఉండాది."

మోక్షిత అతని మొహం మీదికి వంగి, చటుక్కున వెనక్కి తగ్గింది. ఆ వాసన! చచ్చిన ఎలుకను రెండు రోజులు బీరువా వెనక మరిచిపోయినట్టుంది. రెండు ముక్కుపుటాల చుట్టూ చర్మం పచ్చిగా చీరుకుపోయి, లోపల నల్లటి పొక్కు, దాని అంచుల్లోంచి పసుపురంగు రసి. దూది కట్టిన పుల్లతో ఎవరో తుడిచి, సగంలో వదిలేశారు.

"మూడు వారాల నించీ ఇట్నే ఉండాది మేడమ్," అంది మునికుమార్ భార్య ప్రసన్నకుమారి, మంచం అవతలి నుంచి. మనిషి ఎముకల గూడులా ఉంది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "పొద్దన్నే లేచి సూస్తే దిండంతా రగతమే. చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టింది. మందు పనిచేస్తా ఉందమ్మా, అందుకే అట్లుంటాది అంటారు. ఆపేయండి అంటే ఎవురూ ఇనరు."

అంతలో మందు వేసే వేళ అయింది. నర్సు వచ్చి అతని గడ్డం పైకెత్తి సన్నటి గొట్టం ముక్కులో పెట్టింది. మందు లోపలికి పోయిందో లేదో, మునికుమార్ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. కాళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా చెవుల్లోకి కారాయి. "అయిపోయిందన్నా, అయిపోయింది," అంటూ నర్సు చేతులు కడుక్కోవడానికి పోయింది. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది.

మోక్షిత అతను కాస్త కుదుటపడేదాకా ఆగి, తన పరీక్ష మొదలుపెట్టింది. కళ్ళు మూసుకోమంది. "ఊ" అని కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. చెయ్యెత్తమంది. "ఊ." చెయ్యి కదల్లేదు. గ్లాసూ దువ్వెనా ఎదురుగా పెట్టి, గ్లాసు ఎటుందో చూడమంది. "ఊ" అన్నాడు గానీ, చూపు ఆమె గొంతు వినపడే వైపే ఉంది. అడిగిన తీరు మార్చి మార్చి ఎంతసేపు ప్రయత్నించినా ఇంతే. మాటలు అతనికి చేరడం లేదు. గొంతు వినిపిస్తే ఊ అంటున్నాడు, అంతకుమించి ఏమీ లేదు.

సుబ్బులమ్మ ఆశగా ఆమె మొహంలోకే చూస్తోంది. మోక్షిత దువ్వెన సంచిలో పెట్టుకుని లేచింది.

పరంధామయ్య తన గదిలో భోజనం ముగించి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మామిడి పీచును నాలుకతో కెలుక్కుంటున్నారు. వీడియో విజయం మొహంలో ఇంకా మెరుస్తూనే ఉంది.

"సార్, మునికుమార్‌కు ముక్కు లోపల పుండు పడింది. చీము పట్టింది. మందు ఆపాలి."

"కొంచెం ఇరిటేషన్ ఉంటుందమ్మా. అతనేమీ కంప్లయింట్ చెయ్యలేదే."

"నొప్పిగా ఉందా అని నేను ఇప్పుడే అడిగొచ్చాను సార్. ఊ అన్నాడు." మోక్షిత అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు కాబట్టి అడగనక్కర్లేదనుకుంది.

పరంధామయ్య గలగలా నవ్వారు. "నువ్వొకదానివి. వాడు దేనికైనా ఊ అంటాడు. దాన్ని పట్టుకుని నొప్పని రాసుకుంటామా?"

"మరి బాగుందన్నది కూడా అదే ఊ కదా సార్?"

నాలుక కెలుకుడు ఆగింది. ఆయన ఒక్క క్షణం ఆమెను తేరిపార చూసి, పిల్లలకు చెప్పినట్టు మెత్తగా చెప్పారు. "మోక్షితా, కొత్తగా వచ్చావు. ఏది లెక్కలోకి తీసుకోవాలో, ఏది తీసుకోకూడదో అనుభవం మీద తెలుస్తుంది. రేపు రెండో విడత మొదలుపెడుతున్నాం, డోసు రెట్టింపు. నువ్వూ రా. పేషెంటుకు అర్థమయిందని సైకాలజిస్టు సంతకం ఒకటి కావాలి."

మోక్షిత బయటికొచ్చి కొళాయి కింద మొహం కడుక్కుంది. కడుక్కున్నా ఆ రోత పోలేదు. మోసం చేసేవాళ్ళను ఆమె ఇంతకుముందూ చూసింది. ఇది వేరు. మంచం మీద నోరులేని మనిషి నోట్లోంచి ఒకే ఒక్క శబ్దం వస్తుంటే, అది తమకు పనికొచ్చినప్పుడు మాట, పనికిరానప్పుడు గాలి. ఇంత చదువు చదివి చేసేది ఇదా! తలుచుకుంటే ఒళ్ళంతా చీదర పుట్టింది.

మర్నాడు మంచం చుట్టూ అందరూ చేరారు. పరిశోధనలు సవ్యంగా జరుగుతున్నాయో లేదో చూసే కమిటీ తరఫున ముకుందం వచ్చారు. దేవస్థానం ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి, నుదుట తీర్చిదిద్దిన నామం. కమిటీలో ఆయన సామాన్య ప్రజల ప్రతినిధి. ఇన్నాళ్ళూ పరంధామయ్య ఏం చెప్పినా తల ఊపి ఊ కొట్టడమే ఆ ప్రాతినిధ్యం.

ప్రసన్నకుమారి మంచానికి అడ్డంగా నిలబడింది. "వద్దు సార్. నేను ఒప్పుకోను. ఇంగ ఒక్క చుక్క కూడా ఏసేది లేదు."

"చూడమ్మా," అన్నారు పరంధామయ్య, విసుగు అణుచుకుంటూ. "మీ ఆయనకు తెలివి లేనప్పుడు నీ మాట విన్నాం. ఇప్పుడు తెలివొచ్చింది. వీడియోలో అందరూ చూశారు. ఇక నిర్ణయం ఆయనది. నువ్వు వద్దంటే చెల్లదు." ఆయన వంగారు. వాసనకు మొహం చిట్లించి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగారు. "మునికుమార్! మందు ఇంకా వేసుకుంటావు కదా?"

"ఊ."

"విన్నారుగా ముకుందంగారూ?"

"ఊ, కానివ్వండి," అంటూ ముకుందం పెన్ను తీశారు.

ప్రసన్నకుమారి మొహం పాలిపోయింది. మొగుడి మాట కాదనడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. "ఏందయ్యా," అంది అతనితో, "నువ్వేనా ఇట్లంటాండేది?"

"ఊ."

పరంధామయ్య కాగితం మోక్షిత వైపు జరిపారు. మోక్షిత దాన్ని ముట్టుకోలేదు. మంచం దగ్గరికి వచ్చి గట్టిగా అడిగింది.

"మునికుమార్, మందు ఆపేద్దామా?"

"ఊ."

"నీ పేరు ముకుందమా?"

"ఊ."

"మీది సూళ్ళూరుపేటా? నువ్వు రాకెట్లు చేస్తావా?"

"ఊ."

ముకుందం పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "ఇదేమిటి స్వామీ! నా పేరు కూడా తనదే అంటున్నాడే!" అని పరంధామయ్య వైపు తిరిగారు. "మరి నిన్న మాకు చూపించిందేమిటి?" ఆయన పెన్ను మూత పెట్టేశారు. జన్మలో మొదటిసారి కమిటీలో ఊ అనని ముకుందం, తను చేసిన పనికి తనే కంగారుపడుతున్నట్టు కనిపించారు.

పరంధామయ్య మొహం జేవురించింది. "అడిగే పద్ధతిలో అడగాలి! అర్థంపర్థం లేనివి అడిగితే వాడికేం తెలుస్తుంది? వాడికసలు..." అని నాలుక కరుచుకున్నారు.

"వానికసలు?" అంది ప్రసన్నకుమారి. "చెప్పండి సార్. వానికసలు ఏమీ తెలీదు. అంతేనా? నిన్నటిదాకా తెలుసంటిరే. తెలీకపోతే ఇంగ నా మాటే కదా చెల్లేది? వద్దంటా ఉండాను. పోండి."

ఆయన వెళ్ళిపోయారు. పోతూపోతూ చేతులకు శానిటైజర్ రాసుకున్నారు, ఆ మనిషిని తాకకపోయినా. ముక్కుచెవుల డాక్టరును తీసుకొస్తానని ముకుందం ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళారు. ఆ సాయంత్రం నుంచి మునికుమార్ ముక్కులో ఆ మందు పడలేదు.

గెలిచామన్న సంతోషం ఆ మంచం దగ్గర ఎవరికీ లేదు. ప్రసన్నకుమారి కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎట్లా ఉన్నావని రోజూ అడిగేది ఈమే, ఊ అంటే కడుపు నింపుకున్నదీ ఈమే. ఇప్పుడు ఆ ఊ ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. చూపించింది మోక్షిత, నలుగురి ముందర, అతన్ని ఆటబొమ్మలా ఆడించి. ఇంకో దారి ఉందేమో, తనకు తట్టలేదు. రోత ఇప్పుడు తన మీదికి కూడా తిరిగింది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న సుబ్బులమ్మ అప్పుడు అడిగింది.

"పాపా, వానికి నా కతలు కూడా తెలీదా?"

"మాటలు తెలియడం లేదమ్మా. మీ గొంతు వినిపిస్తుంది. అది మీ గొంతని తెలుసో లేదో నేను చెప్పలేను."

ముసలామె కొడుకు ముక్కు వైపు చూసింది. "అట్లయితే నొప్పి కూడా తెలీదులే," అంది, తనకు తనే సర్దిచెప్పుకుంటున్నట్టు. "మాటే తెలీనోనికి నొప్పేం తెలస్తాది. కదా పాపా?"

ఒక్క ఊ అంటే చాలు. ఆమెకు కావలసింది అంతే. మోక్షితకు నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ గదిలో అబద్ధపు ఊలు ఇప్పటికే ఎక్కువైపోయాయి.

"తెలుస్తుందమ్మా," అంది. "నొప్పి తెలియడానికి మాటలు అక్కర్లేదు. అది మొత్తం తెలుస్తుంది."

సుబ్బులమ్మ స్టూలు మీంచి లేచింది. "పొద్దన్న పూట ఆ నర్సు పాప ఒక్కతే ఉంటాది," అంది మెల్లగా. "తల ఇదిలిస్తే మందు కింద పడిపోతాదని, నేనే పట్టుకుంటా ఉంటిని. రెండు సేతుల్తో. ఊ అన్నాడు కదా, ఒప్పుకున్నాడు అనుకుంటిని."

మోక్షిత ఏదో చెప్పబోయింది. ముసలామె వినడానికి ఆగలేదు. వరండాలోకి పోయి గోడకు ఆనుకుని వాంతి చేసుకుంది.