శబ్నం హోటల్లో అత్తాకోడళ్ళు

“ఇంత ఇల్లుండంగ హోటలెందుకు, మా ఇంటికే రాండ్రి” అని వరండాలో లక్ష్మయ్య అంటుంటే, వంటింట్లో వేదవతి మరో గ్లాసు బియ్యం కడగడం మొదలుపెట్టేది. ఉస్మానియాలో వృక్షశాస్త్రం చెప్పే లక్ష్మయ్యకు మనుషులంటే ప్రాణం. పరీక్షలకొచ్చినవాళ్ళు, సెమినార్లకొచ్చినవాళ్ళు, రైలు తప్పినవాళ్ళు, అందరూ తార్నాక గేటు దగ్గరున్న ఆ క్వార్టరుకే వచ్చేవాళ్ళు. చుట్టం రాగానే పిల్లలిద్దరూ లాలాపేటలోని పిన్ని ఇంటికి వెళ్ళేవాళ్ళు. అత్తగారు భారతమ్మ మంచం వరండాలోకి జరిగేది. పెద్ద కిటికీ ఉన్న ముందుగది అతిథికి, వేదవతి బొమ్మలు గీసే పలక మంచం కిందికి. వెళ్ళేటప్పుడు అందరూ ఒకే మాట అనేవాళ్ళు: “మీ ఇంట్ల ఉంటే ఇల్లు గుర్తుకు రాలే, లక్ష్మయ్యగారు.” ఆ రోజంతా లక్ష్మయ్య ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూస్తే వేదవతికి కూడా ముచ్చటేసేది, నడుం నొప్పి అలాగే ఉన్నా.

పెళ్ళికి ముందు ఆమె పట్నంలో బొమ్మలు గీయడం నేర్చుకుంది. లక్ష్మయ్య పాఠ్యపుస్తకం రాసినప్పుడు అందులోని బొమ్మలన్నీ ఆమే గీసింది. ఆకుల అంచులు, పూల లోపలి భాగాలు, కాడల అడ్డుకోతలు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గచ్చు తుడిచి, ఆరాక, అక్కడే పలక పెట్టుకుని సన్నపాళీ కలంతో గీసేది. లక్ష్మయ్య పక్కన గొంతుక్కూర్చుని వార్తాపత్రిక మడిచి విసిరేవాడు. “నీ కన్ను ఉండంగ నాకు మైక్రోస్కోప్ ఎందుకు వేదా” అనేవాడు. అది ఉత్తమాట కాదు, అతను మనసారా అన్నదే. కానీ పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు ముందుమాటలో ల్యాబు అటెండరుకు పేరు పెట్టి కృతజ్ఞతలున్నాయి. చివరి వాక్యంలో “ఓర్పుతో సహకరించిన నా భార్యకు” అని ఉంది. వేదవతి చూపు ఆ ‘ఓర్పు’ దగ్గర కాసేపు ఆగింది. ఆ తర్వాత పుస్తకం మూసి, పాలు పొంగుతున్నాయేమోనని లోపలికి వెళ్ళింది.

అరవై ఎనిమిదిలో, చలి ఇంకా పోని రోజుల్లో, పూనా నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. విశ్వవిద్యాలయం ఆయన కోసం కోఠిలో శబ్నం హోటల్లో మూడు రోజులకు గది తీసుకుంది. లక్ష్మయ్య మాత్రం అలవాటు ప్రకారం స్టేషనుకు వెళ్ళి ఆయన్ను తిన్నగా ఇంటికే తీసుకొచ్చాడు. పెద్దాయన మంచివాడు. పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని తాగాడు, భారతమ్మకు చేతులెత్తి దండం పెట్టాడు. భోజనం మధ్యలో హిందీలో అన్నాడు: “మీ పుస్తకంలో బొమ్మలు చూసి మా పిల్లలకు చెప్పాను, గీస్తే ఇలా గీయాలని. ఎవరా ఆర్టిస్టు?”

వేదవతి నెయ్యిగిన్నెతో ఆయన పక్కనే ఉంది. ఒక్క క్షణం ఆమె చెవులు వేడెక్కాయి.

“మా డిపార్ట్‌మెంట్‌లనే గీయించినం సార్” అన్నాడు లక్ష్మయ్య.

భారతమ్మ గోడవార పీటమీద కూర్చుని వక్కలు నములుతోంది. ఆమెకు హిందీ బాగానే వచ్చు. నమలడం ఆపింది.

మాట హోటలు మీదికి మళ్ళింది. గది ఖాళీగా పడి ఉందని ప్రొఫెసరు నొచ్చుకుంటే లక్ష్మయ్య నవ్వి, “ఏం ఫికరు లేదు సార్. మా వేదను పంపుతం, రెండు రోజులు రాణి తీర్గ పండుకోనొస్తది” అన్నాడు. అందరూ నవ్వారు. వేదవతి కూడా నవ్వింది. చేతిలోని గిన్నె కింద పెట్టి, “సరే, పోతా” అంది.

ఇంకా నవ్వులు ఆగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారి ఇద్దరికీ ఉప్మా పెట్టి, మధ్యాహ్నానికి కూర చేసి, ఆమె చేతిసంచీలో రెండు చీరలు, పెన్సిళ్ళు, కాగితాలు సర్దుకుంటుంటే లక్ష్మయ్య తలుపు దగ్గర నిలబడిపోయాడు.

“నిజంగనే పోతున్నవా? నేను నవ్వులాటకు అన్న.”

“నేను నిజంగనే ఇన్న” అంది వేదవతి.

వరండాలోంచి భారతమ్మ చెప్పులు వేసుకుంటూ పిలిచింది. “బిడ్డా, ఆగు. నేను గూడ వస్తున్న.”

కోఠిలో రెసిడెన్సీ గోడ దాటాక ఒక సందులో ఉంది శబ్నం హోటలు. ఒకప్పుడు ఎవరో నవాబు కాపురమున్న దేవిడీ అది. హోటలయ్యాక నాటకాలవాళ్ళు, సితారు వాయించేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. మేడమీది హాల్లో ఆ చిత్రకారులు గోడలనే కాగితాలు చేసుకున్నారు. పద్దెనిమిదేళ్ళప్పుడు వేదవతి తోటి విద్యార్థులతో ఆ గోడలు చూడడానికి వచ్చింది. పొద్దుగూకకముందే ఆడపిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. మగపిల్లలు పాటకచేరీకి ఉండిపోయారు. ఆ సాయంత్రం రిక్షా ఎక్కుతుంటే వెనక నుంచి సారంగి శ్రుతి చేస్తున్న చప్పుడు వినిపించింది.

ఇప్పుడా రంగులు అక్కడక్కడా పెచ్చులూడాయి. ఒక నెమలికి తోక మిగల్లేదు. నీళ్ళకుండ దించుకుంటున్న ఒక ఆడమనిషి మాత్రం ఇంకా అలాగే ఉంది. భారతమ్మ ఆ బొమ్మ ముందు నిలబడి, “గీమెకు కుండ బరువు తెల్వదు. మెడ చూడు, ఎంత సోకుగ పెట్టిండో” అంది. వేదవతికి నవ్వాగలేదు. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి.

గదిలో పొడుగాటి కిటికీ, రెండు మంచాలు. బేరరు చాయ తెస్తే భారతమ్మ గబుక్కున లేచి పళ్ళెం అందుకోబోయింది. “మీరు కూర్చోండమ్మా, నేను పెడత” అన్నాడతను. ఆమె కూర్చుంది గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒడిలో పెట్టుకుంది, పరుపు మీద ఆన్చింది, కొంగు సర్దుకుంది. అతను వెళ్ళాక, “ఒగలు తెచ్చిస్తే తాగుడు గిట్లుంటదా” అంది మెల్లగా.

మళ్ళీ తనే, “నీ ఎంట నేనెందుకొచ్చిన్నో ఎర్కనా?” అని అడిగింది.

“పట్నం చూద్దామని గావచ్చు.”

“పట్నం నాకెందుకు. నువ్వొక్కదానివి పోతె అలిగిపోయిందంటరు. అత్తతోని పోతె ఊరు చూడపోయిందంటరు. ఎవ్వనికి నోరు లేవదు.” చాయ సాసరులో పోసుకుని ఊదింది. “వాడట్ల అన్నప్పుడు నాకు మనసున వట్టలే బిడ్డా. నువ్వు గచ్చుమీద వంగి గీసుడు నేను చూడలేదా? వాడు నా కడుపున పుట్టిండు, వానికి జెర జ్వరమొస్తె ఇప్పటికీ నాకు నిద్ర రాదు. గానీ ఆ మాట తప్పు.”

భర్త అన్న మాట కంటే, దాన్ని ఇంకొకరు విన్నారన్న సంగతే వేదవతిని కదిలించింది. ఇన్నేళ్ళూ ఆ చిన్నచిన్న గాయాలు తనకొక్కదానికే కనిపిస్తాయని, అందుకే అవి గాయాలే కావేమోనని అనుకుంటూ వచ్చింది. అతను చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. శుక్రవారం శుక్రవారం మల్లెపూలు తెచ్చే మనిషి మీద, కాళ్ళు లాగితే అడక్కుండానే పిసికే మనిషి మీద కోపానికి ఎక్కడ చోటు దొరుకుతుంది?

“అత్తమ్మా, మిమ్ముల గీస్త. కిటికీ దిక్కు కూర్చోండ్రి.”

“నన్నా? నా మొఖం మా ఆయన గూడ సక్కగ చూడలే” అంటూనే భారతమ్మ తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. బిగుసుకుని కూర్చున్నది కాస్తా వెలుతురు మారేకొద్దీ మెత్తబడింది. కన్నుల కింది ముడతలు, కడియం ఒరిసి నల్లబడిన మణికట్టు, ఎవరో పిలుస్తారేమో లేవాలన్నట్టు ఒక పక్కకు ఒరిగిన భుజం. అవన్నీ వేదవతి చేతికి ఒక్కొక్కటే దొరికాయి. పక్కన ఏ భాగం పేరూ రాయనక్కర్లేని బొమ్మ గీసి ఎంతకాలమైందో.

మర్నాడు పొద్దున లక్ష్మయ్య స్కూటరు మీద వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఇంట్లో అన్నం మాడిందనీ, ప్రొఫెసరే ఆలుగడ్డలు వేయించాడనీ చెప్పి నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగింది. బల్లమీద బొమ్మ కనిపించింది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“అమ్మ గిట్లుంటదా?”

“ఎప్పుడూ గిట్లనే ఉన్నది. మీరే సక్కగ చూడలే” అంది వేదవతి.

అతను కుర్చీలో కూలబడ్డాడు. “నువ్వే గీసినవంటే నవ్వుతరనుకున్న వేదా. ఇంట్ల గీసిన బొమ్మలంటే సైన్సు కాదంటరని...”

“నవ్వితే నా పని చూసి నవ్వుతరు. అప్పుడు నేను చూసుకుంట. రెండో అచ్చుకు మిగిలిన బొమ్మలు గీస్త. పుస్తకం మీద నా పేరుండాలె.”

“తప్పకుండ. వేదవతీ లక్ష్మయ్య అని వేయిద్దాం.”

“లక్ష్మయ్య ముందే ఉన్నడు గద, రాసినాయన. బొమ్మలు వేదవతి. గంతే.”

లక్ష్మయ్య తల్లివైపు చూశాడు. భారతమ్మ కిటికీలోంచి సందులోని రిక్షాలు చూస్తోంది, అతని వైపు తిరగలేదు. “సరే” అన్నాడతను. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, “ప్రొఫెసర్ సాబ్‌కు ఇయ్యాల్నే చెప్త” అన్నాడు. చెప్పాడు కూడా. ఆ సాయంత్రం సెమినారులో అందరిముందూ, తడబడుతూ చెప్పాడని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి రోజు ప్రొఫెసరు రైలెక్కాక అత్తాకోడళ్ళు తార్నాకలో బస్సు దిగారు. క్వార్టరు వైపు నడుస్తూ భారతమ్మ అలవాటుగా అడిగింది. “ఇంటికి పోయి ఏం వండుదం బిడ్డా?”

“వంట తర్వాత చూద్దం అత్తమ్మా. ముందు కిటికీ గదిల నా పలక, కుర్చీ ఏసుకుంట. ఇగ ఎవరొచ్చినా ఆ గది నాదే. చుట్టాలకు హోటళ్ళున్నయి.”

భారతమ్మ నడక ఆపింది. వేదవతి కూడా ఆగి ఆమె వైపు తిరిగింది. ముసలామె కొంగు నడుముకు దోపుకుని, మళ్ళీ నడుస్తూ అంది:

“అయితె నా మంచం గూడ గా గదిలనే ఎయ్యి.”