కెమెరా ముందు ఉపేందర్

ఉపేందర్ అబద్ధం మూడేళ్లుగా సదయ్య ఎస్టీడీ బూత్‌లో నిక్షేపంగా నడుస్తోంది. శుక్రవారం శుక్రవారం బహ్రెయిన్ నుంచి అక్క యమున ఫోన్ చేస్తుంది. "తమ్మీ, బాయిల దిగుతలేవు గదా?" అని అడుగుతుంది. "లేదక్కా, ఆఫీసుల కూసునే పని" అంటాడు ఇతను. అని, ఫోన్ పెట్టేసి, సైకిలెక్కి, తిన్నగా పోయి బొగ్గు బాయిలో దిగుతాడు.

వాళ్ల బాపు ఆ బాయిలోనే పైకప్పు కూలి చనిపోయాడు. ఉద్యోగం కొడుక్కి వచ్చింది. పైన పని ఇప్పించుకుంటానని ఉపేందర్ అక్క నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పైన ఖాళీ లేదన్నారు. అడిగీ అడిగీ అతనికే విసుగొచ్చింది. ఉన్నమాట చెబితే అక్కకు అంత దూరాన ముద్ద దిగదు. అందుకని అబద్ధమే ఖాయం చేసుకున్నాడు.

అంతలో ఖైజర్ నెట్ సెంటర్ తెరిచాడు. అక్కడ మనిషిని చూస్తూ మాట్లాడొచ్చు. బహ్రెయిన్‌లో బావ కూడా కంప్యూటర్ కొన్నాడు. "వచ్చే శుక్రవారం నిన్ను చూసుకుంట మాట్లాడుత" అంది యమున. అది విని సదయ్య ముఖం మాడ్చుకున్నాడు.

"మాట్లాడనీకి మొఖమెందుకుర?" అన్నాడు. గిరాకీ పోతున్నవాడి మాట ఎవరు వింటారు?

ఉపేందర్ ఒళ్లంతా రెండుసార్లు సబ్బుతో తోముకున్నాడు. తెల్లచొక్కా వేసి, జేబులో రెండు పెన్నులు పెట్టాడు. రాసేది ఒక్కదానితోనే అయినా పెద్ద ఆఫీసర్లకు రెండుంటాయని అతని నమ్మకం. అద్దంలో అచ్చం గుమాస్తాలా కనిపించాడు.

"ఏం సాబ్, జీఎం ఆఫీసుకెల్లి వస్తున్నవా?" అన్నాడు ఖైజర్, కుర్చీ చూపిస్తూ.

తెర మీద యమున నవ్వింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆ తర్వాత నవ్వడం మానేసింది.

"ఏందక్కా?"

"నీ కండ్లు, తమ్మీ."

బొగ్గు ధూళి రెప్పల అంచుల్లో కాటుకలా నిలిచిపోతుంది. ఎంత కడిగినా పూర్తిగా వదలదు. గోదావరిఖనిలో సగంమంది మగవాళ్ల కళ్లు అలాగే ఉంటాయి కాబట్టి అది ఎవరి కంటా పడదు. అద్దం ముందు ఉపేందర్‌కు కనిపించలేదు, పక్కనే ఉన్న ఖైజర్‌కూ కనిపించలేదు. బహ్రెయిన్‌లో కనిపించింది.

"బాపు కండ్లు గిట్లనే ఉండె" అంది యమున.

ఉపేందర్ ఇక చెప్పేద్దామని నోరు తెరిచాడు. యమున వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఆఫీసుల పని ఎట్లున్నది?"

ఉపేందర్ జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "మంచిగనే ఉందక్కా."

యమున కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంక గీ కెమెరా వద్దు తమ్మీ, ఫోనే చేస్త. ఫోన్లనైతే నువ్వు చెప్పింది నమ్మబుద్ధైతది."