మగ్గాల హాలులో అక్క

తడిగుడ్డ పిండి, చిన్నమ్మి ఇనుప స్తంభం చుట్టూ మళ్లీ తుడవసాగింది. ఈ ఇల్లు ఒకప్పుడు నేత మిల్లు. మగ్గాలున్న చోట ఇప్పుడు తెల్ల సోఫాలున్నాయి. ఇటుక గోడలకు సున్నమైనా వేయకుండా వదిలేశారు, అదే అందమట. ఇంత హాలులో ఉండేది ఇద్దరే అయినా తుడిచేవాళ్ల నడుం విరగాల్సిందే.

ఇక్కడే తనూ అక్కా ఎదురెదురు మగ్గాల మీద పనిచేశారు. ఆ మోతలో అరిచినా వినపడదు కనుక మిల్లు ఆడవాళ్లు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. మేస్త్రీ మధ్యలో నిలబడి ఉండగానే అక్క నవ్వుమొహంతో అతని ఏడు తరాలూ దులిపేసేది. తనని చూసే నవ్వుతోందనుకుని అతనూ నవ్వేవాడు. చిన్నమ్మికి నవ్వాగక పని పాడయ్యేది.

ఆ మోత అక్క చెవులు తినేసింది. పోయినేడు జబ్బు గొంతునీ పట్టుకుపోయింది. ఇప్పుడు అక్క మాట తెలిసేది చిన్నమ్మి ఒక్కతికే. ఆ అక్క కొన్నాళ్లుగా ఒకటే పోరు, తన మగ్గం చోటు ఒక్కసారి చూడాలని. డాక్టరు ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు. అయినా అడగడానికి చిన్నమ్మికి నోరు రాలేదు. ఈరోజు ధైర్యం చేసి అడిగేసింది.

"అయ్యో, దానికింత మొహమాటమా పిన్నీ? ఈరోజే తీసుకురండి," అంది ఇంటావిడ.

మధ్యాహ్నం చిన్నమ్మి చక్రాల కుర్చీని తోసుకుంటూ లిఫ్టులోంచి బయటికొచ్చింది. అక్క చుట్టూ చూసింది. పెదవులు కదిలాయి.

"ఇంత నున్నగా తుడిచావేంటే? మన మేస్త్రీ అయితే జారిపడి చచ్చేవాడు."

"ఊరుకోవే అక్కా, ఆవిడ చూస్తోంది," చిన్నమ్మీ పెదవులతోనే కసిరింది.

"చూడనీ. వినపడి చస్తుందా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. చప్పుడే లేని ఆ నవ్వు ఇంటావిడకు ఏం అర్థమవుతుంది? మంచినీళ్లు తెచ్చి అక్క చేతికిచ్చింది. అక్క రెండు గుక్కలు తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది.

"కిటికీ అద్దం మసగ్గా ఉందే. మన మిల్లు గేటు కనబడట్లేదు."

చిన్నమ్మికి చిన్నతనం అనిపించింది. తను తుడిచే ఇంట్లో అద్దం మసకా? అటు తిరిగి, కొంగుతో మూలమూలలా రుద్దింది. గేటు తేటగా కనబడ్డాక వెనక్కి తిరిగింది.

అక్క తల భుజం మీదికి వాలిపోయి ఉంది. బుగ్గ తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అక్క వెళ్లిపోయింది.

"పిన్నీ," అంటూ ఇంటావిడ దగ్గరికొచ్చింది. "మీరు అటు తిరిగి ఉన్నప్పుడు ఆవిడ మీతో ఏదో అన్నారు. రెండుసార్లు అన్నారు."

"ఏమంది?"

"పెదవులే కదిలాయి. నాకేం తెలుస్తుంది పిన్నీ?"

"ఎలా కదిలాయి తల్లీ? నువ్వూ అలా కదిపి చూపించు."

ఇంటావిడ ఏడుస్తూనే పెదవులు కదిపింది. చిన్నమ్మి రెప్ప వేయకుండా ఆ మొహంలోకి చూసింది. మళ్లీ చూపించమంది. ఎన్నిసార్లు చూసినా అది ఏ మాటా కాలేదు.

అంత మోతలో అక్క మాట ఒక్కటీ పోనివ్వని మనిషి, చీమ చిటుక్కుమన్నా వినబడే ఈ హాలులో ఆఖరి మాట పోగొట్టుకుంది. అక్క ఒళ్లో తల పెట్టి గొంతెత్తి ఏడ్చింది.

సాయంత్రానికి అక్కను తీసుకెళ్లిపోయారు. కిటికీ గట్టు మీద సగం నీళ్లతో గ్లాసు ఉండిపోయింది, అంచున అక్క పెదవుల మరకతో.