మరో అర చుట్టు

సైకిలు సీటు కింది పాత గొట్టాన్ని మెలితిప్పి లాగాడు మెకానిక్. దాని వెనకే తుప్పు నీళ్ళు, కుళ్ళిన ఆకులు, పేగులా సాగిన నల్లటి గ్రీజు. ఆ వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా తిప్పుకుంటూనే ఉన్నాడు. అతని గోళ్ళ కింది నలుపు చూసి భార్య కంచం చేతికివ్వదు. ముందు పెట్టి తప్పుకుంటుంది.

"ఇలాంటి నోటితో ఎవడైనా నా దగ్గరికొస్తే తిట్టి పంపిస్తానయ్యా" అన్నాడు పళ్ళ డాక్టరు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. కొండదారుల్లో తొక్కే ఆ సైకిలు ఆయనదే.

"మేం తిట్టకుండానే కడుగుతామండీ" అన్నాడు మెకానిక్, కర్రకి గుడ్డ చుట్టి లోపల తిప్పుతూ.

డాక్టరుకి ఆ పాత గొట్టం బదులు డ్రాపర్ కావాలి. హ్యాండిల్ మీది మీట నొక్కి బరువు మోపితే సీటు కిందికి దిగుతుంది, దిగుడు దారుల్లో పనికొస్తుంది. మళ్ళీ నొక్కితే లేస్తుంది. స్నేహితుడి సైకిలుకి రెండు వందల మిల్లీమీటర్లు దిగేది ఉంది కనక ఈయనకీ అదే కావాలి. అదే వేయిస్తానని కొట్టు యజమాని మాటిచ్చేశాడు. యజమాని స్వయానా మెకానిక్ భార్యకి తమ్ముడు.

మెకానిక్ పాత చువ్వ ఒకటి ఫ్రేములోకి దింపాడు. ఒకచోట టక్కుమని ఆగింది. గొట్టం అంచు దగ్గర బొటనగోటితో గుర్తు పెట్టి, పైకి తీసి, పొడవాటి డ్రాపర్ పక్కన పెట్టి చూపించాడు.

"ఇది లోపల పట్టదండీ, నాలుగు వేళ్ళు పైకే నిలబడిపోతుంది. సీటు దిగడం తర్వాత, ముందు మీ కాలు పెడలుకి అందాలిగా? నూట యాభైది వేసుకోండి."

"పొట్టివాణ్ణని మొహమ్మీదే చెప్పేశావు!" అని నవ్వి ఒప్పుకున్నాడు డాక్టరు. యజమాని నవ్వలేదు.

మీట నుంచి వచ్చే కేబులుని ముందు కన్నంలోంచి ఫ్రేము కడుపులోకి దూర్చి, సీటు గొట్టంలోంచి కొక్కెంతో అందుకుని, డ్రాపర్ అడుగున తగిలించాడు. ఒక చేత్తో డ్రాపర్ దింపుతూ, రెండో చేత్తో ముందు నుంచి కేబులు లాగాడు, లోపల మడత పడకుండా. చివరగా, డ్రాపర్‌ని ఫ్రేములో బిగించి ఉంచే పట్టీ బోల్టు. అది బలం చూపే బోల్టు కాదు. డ్రాపర్ పైతొడుగు పల్చన. గట్టిగా పిసికితే లోపలి కడ్డీ ఇరుక్కుపోతుంది. కొద్దికొద్దిగా తిప్పి, సీటుని మోకాలితో అటూ ఇటూ నెట్టి, కదలడం మానగానే ఆపేశాడు. ఆ కొట్టులో అతనిదంటూ ఉన్నది ఆ చేతి పట్టు ఒక్కటే. రెండుసార్లు దించి లేపి చూశాడు. మెత్తగా లేచింది. కేబులు చివర తొడిగే మూత కోసం లోపలి గదిలోకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి డాక్టరు సైకిలెక్కి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకు కూర్చున్నాడు. దిగిన సీటు లేవడం లేదు.

"ఏమనుకోకండి సార్. మావాడికి చేతి పట్టు పోయింది, వయసు కదా" అంటున్నాడు యజమాని. అతని చేతిలో బోల్టు తిప్పే కీ ఉంది. సీటు జారితే కొట్టుకి పరువు తక్కువని, పాలసైకిళ్ళ కాలం నుంచీ ప్రతి సీటు బోల్టుకీ మరో అర చుట్టు వెయ్యడం అతని అలవాటు.

మెకానిక్ ఆ కీ అందుకుని అర చుట్టు వదులు చేశాడు. సీటు ఠప్పున లేచింది.

"ఈసారి జాగ్రత్తయ్యా" అని మెకానిక్‌కే చెప్పి వెళ్ళిపోయాడు డాక్టరు.

"నువ్వేగా తిప్పింది?"

"తిప్పితే ఏమైంది బావా? కస్టమరు ముందు ఒక మాట పడితే అరిగిపోతావా?"

అరగలేదు, నిజమే. అరగనందుకే తన మీద తనకి రోత పుట్టింది. రెండు నెలలు చూద్దామని చేరిన కొట్టు ఇది.

పెరట్లో కొళాయి తిప్పాడు. రోజూ మధ్యాహ్నం వేళ్ళ వరకే కడుక్కునేవాడు. ఇవాళ మోచేతుల దాకా, గోళ్ళ సందుల్లోకి, మళ్ళీ మొదటి నుంచి మరోసారి రుద్దుకున్నాడు. చొక్కా మార్చుకున్నాడు.

"భోజనానికా? తొందరగా రా బావా, ఇంకా రెండు సైకిళ్ళున్నాయి."

"మీ అక్కకి నేను చెప్పుకుంటాలే" అని మెట్లు దిగాడు.

మూడింటికి రాలేదు. మర్నాడూ రాలేదు. కొళాయి గట్టు మీద అతని సబ్బుముక్క ఎండిపోయింది, పగుళ్ళ నిండా నలుపుతో, నాలుగు వేళ్ళ అచ్చులతో.