కాన్రాడో అడిగిన మాట

మా చర్చికి కాన్రాడో గావిదాన్ సంఘపెద్ద. తుఫానుకి పైకప్పు రేకు లేచిపోయినా, బెంచీ కాలు విరిగినా, బిషప్ గారు వస్తున్నారని పందిని కోయాల్సి వచ్చినా అందరం అతని ఇంటికే పోయేవాళ్ళం. మాట కరుకు. కానీ సాయం అడిగితే లేదని ఎవర్నీ పంపించినవాడు కాదు.

మా లోయలో ఎపిస్కోపల్ చర్చిలు నాలుగున్నాయి. నాలుగింటికీ కలిపి ఒక్కరే గురువు, ఫాదర్ లాంబర్ట్ దుమాయాగ్. ఆయన కొండ కింది పట్నంలో భార్య ఐరీన్‌తో కాపురముండి, వారానికో చర్చికి మోటారు సైకిల్ మీద వచ్చేవారు. ఆయన రాని ఆదివారాల్లో మా ఉపదేశి ఫెలీసా ప్రార్థన నడిపేది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, నా చిన్ననాటి స్నేహితురాలు. నా పని బలిపీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం. సంఘ కమిటీలో నేనూ ఉన్నాను.

ఆ ఏడాది వానలకు ముందు కమిటీ కూర్చున్నప్పుడు ఫాదర్ క్యాబేజీ తోటల సంగతి ఎత్తారు. రోడ్డు పైనున్న వాలు మీద పైన్ చెట్లు కొట్టేసి కొత్త తోటలు వేస్తున్నారు. వాటిల్లో పెద్దది కాన్రాడోది. ఆ చెట్ల వేళ్ళే కొండను పట్టుకుని ఉన్నాయని, ఇంకా కొడితే ఏదో ఒక వానకి కిందికి వచ్చేస్తుందని ఫాదర్ నెమ్మదిగానే చెప్పారు. కాన్రాడో కాఫీ కప్పు కింద పెట్టాడు.

“మీకు తిండి బిషప్ గారి ఆఫీసు పెడుతుంది ఫాదర్. నా పిల్లలకి క్యాబేజీ పెడుతుంది. అయినా పోయినసారి మీరు మూట కట్టుకెళ్ళింది ఏ కొండ మీదిదనుకున్నారు?”

“కాన్రాడో, నీ నోటికి నీ తోటలో పురుగు కూడా చచ్చుంటుంది,” అంది ఫెలీసా.

అందరం నవ్వాం. ఫాదర్ కూడా నవ్వారు. కానీ వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఇచ్చే క్యాబేజీ మూట ఆ రోజు కాన్రాడో ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

వానాకాలం నడిమిలో కాన్రాడో తల్లి ఒయాంగ్ మంచం పట్టింది. ముసలావిడకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, నోట్లో గంజి పోసినా మింగడం లేదు. ఇంక దక్కదనే అనుకున్నాం. అలాంటప్పుడు గురువు లేకపోతే, ఆయన ముందుగా పవిత్రపరిచి చర్చి గోడలోని చిన్న అరలో ఉంచిన రొట్టెను ఉపదేశి తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. ఫెలీసా ఆ మాటే అంది. కాన్రాడో ఒప్పుకోలేదు. సంఘపెద్ద తల్లికి గురువు చేతి మీదుగానే జరగాలన్నాడు. వానలో తడుస్తూ ఫోను అందే మిట్ట ఎక్కి ఫాదర్‌తో మాట్లాడి వచ్చాడు. వస్తున్నారని మాత్రం చెప్పాడు.

సాయంత్రం దాకా ఎదురుచూశాం. రోడ్డు మీద కొండ విరిగిపడిందని కింది ఊరికి జనాన్ని తిప్పే జీప్నీ బండి డ్రైవరు నడుచుకుంటూ వచ్చి చెప్పాడు. దానికి ముందే ఒక మోటారు సైకిల్ అటు వెళ్ళడం చూశానని కూడా చెప్పాడు. మగవాళ్ళంతా తోట పారలు పట్టుకుని పరిగెత్తారు. అందరికంటే ముందు కాన్రాడో.

మర్నాడు మధ్యాహ్నం దొరికారు ఫాదర్. రెయిన్‌కోటు లోపల, గుండెకి ఆనించి కట్టుకున్న రొట్టె డబ్బా అలాగే ఉంది. ఫెలీసా దాన్ని విప్పింది. లోపలికి బురదనీళ్ళు పోయి రొట్టె ముద్దయిపోయింది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని కాన్రాడో ముందు నిలబడింది.

“మీ అమ్మ కోసం తెచ్చాడు. తీసుకెళ్ళు.”

కాన్రాడో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎంతసేపు నిలబడినా ఆ చేతులు ముందుకు రాలేదు. పవిత్రపరిచిన రొట్టెను పారెయ్యకూడదు. ఫెలీసా అక్కడే, ఆ బురదలోనే మోకరించి, మట్టితో సహా తానే తినేసింది.

అతను ఇంటికి వెళ్ళేసరికి ఒయాంగ్ లేచి కూర్చుని ఉంది. జ్వరం దిగిపోయింది. గంజిలోకి ఉప్పు పంది మాంసం ముక్క కావాలని కోడలి మీద విసుక్కుంటోంది.

ఫాదర్‌ని ఆయన సొంత ఊళ్ళో పాతిపెట్టారు. నాలుగు చర్చిల జనమూ వెళ్ళాం. బిషప్ గారు వచ్చారు. ఐరీన్ ఏడవలేదు. వరసలో నిలబడ్డ కాన్రాడో దగ్గరికి వచ్చి, మీ అమ్మగారికి ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాడు. దేవుడికి స్తోత్రం అందామె. వాన తగ్గేదాకా ఆగమని తను చెప్పిందట, కానీ కాన్రాడో అడిగాడు, వెళ్ళాలి అని ఆయన బయల్దేరాడట. మీరంటే ఆయనకి అంత గౌరవం, అంది. నేను పక్కనే ఉన్నాను. అతని మొహంలోకి చూడలేకపోయాను.

తిరిగొచ్చాక అతను తోటలో క్యాబేజీలన్నీ పీకి పారేసి, ఆ వాలు నిండా పైన్ మొక్కలు నాటాడు. నిజానికి విరిగిపడింది అతని తోట కిందో, పక్క తోట కిందో ఎవరూ తేల్చలేకపోయారు. తల్లికి మాత్రం ఫాదర్‌కి వేరే చోటికి బదిలీ అయిందని చెప్పాడు. నిజం తెలిస్తే తట్టుకోలేదని ఊరంతటినీ బతిమాలాడు. ముసలావిడకి కోపం వచ్చింది.

“ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడా? చిన్నప్పుడు వాళ్ళ ఊరి నుంచి మన బడికి నడిచొచ్చేవాడు, నా చేత్తో ఎన్ని చిలగడదుంపలు పెట్టాను వాడికి,” అని కనపడిన ప్రతివాళ్ళ దగ్గరా ఫాదర్‌ని తిట్టేది. కాన్రాడో పక్కనే కూర్చుని వినేవాడు.

ఒక శనివారం నేనూ ఫెలీసా చర్చిలో దీపాలు తుడుస్తుంటే అతను వచ్చాడు. బూట్లు బయట విడిచి, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. తన పాపం ఒప్పుకోవాలన్నాడు. నేను లేవబోతే ఉండమన్నాడు.

“అది గురువుతో చెప్పుకోవాలి కాన్రాడో. నేను ఉపదేశిని,” అంది ఫెలీసా.

“గురువేడీ?”

అతను ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

“అందరూ తోట అనుకుంటున్నారు. తోట కాదక్కా. ఏమో, తోట కూడానేమో. ఆ రోజు ఫోన్లో ఆయన, అన్నా, వాన తగ్గనీ, రేపు తెల్లారగానే వస్తానన్నాడు. నేనేమన్నానో తెలుసా? నాలుగు చర్చిల్లో మేమే మీకు ఆఖరు అన్నాను. మా అమ్మ రొట్టె లేకుండా పోతే పాతిపెట్టడానికి మీరు రావద్దు, మళ్ళీ ఈ చర్చిలో అడుగు పెట్టొద్దు అన్నాను. తోట సంగతి కడుపులో పెట్టుకుని అన్నానక్కా. లైను పోయిందనుకున్నాను. అప్పుడు, బయల్దేరుతున్నానన్నా, అన్నాడు.”

ఫెలీసా లేచి ప్రార్థన పుస్తకం తెచ్చింది. ముగ్గురం మోకరించాం. ఆమె చదివింది: సర్వశక్తిగల దేవుడు మనల్ని కరుణించి, మన పాపాలన్నీ క్షమించుగాక.

“మనల్ని కాదు,” అన్నాడు కాన్రాడో. “నిన్ను అను. కాన్రాడో, దేవుడు నిన్ను క్షమించాడు అను.”

ఫెలీసా చదివినట్టే పుస్తకంలో ఉంటుంది. గురువు అయితే మిమ్మల్ని అంటాడు. గురువు కానివాళ్ళు, తామూ ఆ పాపుల్లో ఒకరన్నట్టు, మనల్ని అని చదవాలి. ఇన్నేళ్ళుగా ఫెలీసా అలా చదువుతుంటే వింటున్నాం. ఆ తేడా ఎవరం పట్టించుకోలేదు.

“ఆ మాటకి నాకు అధికారం లేదు తమ్ముడూ. బిషప్ గారు తల మీద చేతులుంచితేనే వస్తుంది.”

“ఎవరు చూడొచ్చారక్కా? మిల్డ్రెడ్ అక్క ఎవరితోనూ చెప్పదు.”

“నేను చెప్పను,” అన్నాను.

ఫెలీసా పుస్తకం మూసింది. “ఇవాళ అంటాను. రేపు పొద్దున నీకే అనిపిస్తుంది, జాలిపడి అబద్ధమాడిందని. అప్పుడేం చేస్తావు?”

అతను లేచి బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అనేసి ఉండాల్సిందా అని ఫెలీసా నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

కొత్త గురువుని పంపమని బిషప్ గారిని అడిగితే, ఉన్నవాళ్ళే చాలడం లేదన్నారు. క్రిస్మస్ ముందు మాత్రం రిటైరైన ఒక ముసలి ఫాదర్‌ని పంపారు. ఆయన పేరు ఫాదర్ బెనీతో ఓప్లాస్. చేతికర్రతో మెల్లగా నడిచే మనిషి, బాగా మంచివారు. ప్రార్థన అయ్యాక కాన్రాడో ఆయనతో లోపలే ఉండిపోయాడు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. బయటికి రాగానే ఫెలీసా నిలబడింది.

“అన్నారా?”

“అన్నారు. నెత్తిన చెయ్యి పెట్టి, నా పేరు పెట్టి, నిన్ను అనే అన్నారు.”

“మరి?”

“ఏమీ కాలేదక్కా.” అతను మా ఇద్దరికీ మధ్య మెట్టు మీద కూర్చున్నాడు. “ఆ రోజు నువ్వే అనేసి ఉంటే బాగుండేది. అది అసలుది కాదు కాబట్టి పని చెయ్యలేదని అనుకునేవాణ్ణి. అసలు గురువు వస్తాడు, అప్పుడు తగ్గుతుంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు.”

మేం మాట్లాడుతుండగానే ఫాదర్ బెనీతో రొట్టె డబ్బా తీసుకుని ఒయాంగ్ దగ్గరికి వెళ్ళారు. ఆ ఇంట్లో నడిచే అబద్ధం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మాకు తోచలేదు. ముసలావిడ మామూలుగానే ఫాదర్ లాంబర్ట్‌ని తిట్టడం మొదలుపెట్టిందట. బదిలీ ఏమిటమ్మా, ఆయన నీకు రొట్టె తెస్తూనే కదా చనిపోయాడు, అన్నారట ఆయన.

మేం వెళ్ళేసరికి ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రొట్టె తీసుకోలేదు. కొడుకుని చూసి ఒకటే అడిగింది.

“నా కోసమా వచ్చాడు?”

“అవునమ్మా.”

“నేను పిలవమన్నానా?”

కాన్రాడో తల అడ్డంగా ఊపాడు. ఆవిడ జ్వరంలో ఏమీ అడగలేదు. గురువు కావాలని కూడా అనలేదు. అది మాకందరికీ అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఒయాంగ్ రొట్టె మళ్ళీ నోట పెట్టలేదు. ఫాదర్ బెనీతో ఇంకోసారి వచ్చినప్పుడు కూడా పెదవులు బిగించి మొహం తిప్పేసుకుంది. ఫెలీసా తీసుకెళ్తే, ఒకడు చచ్చింది చాలు, తీసుకుపో అంది. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో, పొయ్యి పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం విడిచింది. ఫాదర్ బెనీతోకి ఒంట్లో బాగాలేక రాలేకపోయారు. ఫెలీసాయే ప్రార్థనలు చదివి పాతిపెట్టించింది. చావుకి కోసిన పంది మాంసం పంచేటప్పుడు కాన్రాడో అందరికీ సరిగ్గా అందిందా లేదా చూశాడు. మర్నాడు చర్చి తాళాలు తెచ్చి మా వంటింట్లో బల్ల మీద పెట్టి, బంగారు గనుల్లో పనికి పోతున్నానన్నాడు. ఎప్పుడొస్తావని అడిగాను. గనిలోకి పోయేవాణ్ణి అలా అడక్కూడదక్కా, అన్నాడు. ఇంతవరకూ రాలేదు.

ఈస్టర్ అయ్యాక కమిటీ కూర్చుంది. సంఘపెద్ద లేని చర్చిని కింది ఊరి చర్చితో కలిపేస్తామని బిషప్ గారి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఎవరైనా ముందుకు రావాలని ఫెలీసా అడిగింది. ఆమె గొంతులో బడిలో పిల్లల్ని పిలిచే గట్టిదనం లేదు. ఒక్కొక్కరి వైపే చూసింది. తోట పని ఉందని ఒకరు, మోకాళ్ళ నొప్పులని ఒకరు అన్నారు. నేను నా చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. ఇంకాసేపు కూర్చుని, ఎవరి కప్పులు వాళ్ళం కడిగి పెట్టి ఇళ్ళకి వచ్చేశాం.