లిఫ్టాయన పెట్టుకున్న సరదా

ఆ ఇంట్లో నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. చేతులు ఎండిపోయినా సరే, ముందు సంగతి తేలాలి. ఇంటి కోసం చేస్తానన్న పని ఒకటి, తన సరదా కోసం చేస్తానన్నది ఒకటి, ఎవరివి అయ్యాయో, ఎవరివి అటకెక్కాయో ఒకరినొకరు నిలదీసుకోవాలి. ఆ తర్వాత వచ్చే నెలకి మళ్ళీ తలా రెండు చెప్పాలి. ఒకసారి నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. అన్న మాట నిలబెట్టుకోనివాళ్ళు వారమంతా గిన్నెలు తోమాలి. కాగితం లేదు, కలం లేదు. ఇల్లాలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే మనిషి. ఎవరు ఏమన్నారో ఆవిడ బుర్రలో భద్రంగా ఉంటుంది. ఆవిడ దగ్గర బుకాయింపులు సాగవు.

ఈ అలవాటు తల్లీకూతుళ్ళది. పిల్ల తండ్రి జబ్బుచేసి పోయాక కొన్నాళ్ళు ఆ ఇంట్లో సాయంత్రం లైటు వెయ్యడానికి కూడా ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు. ఇలాగైతే మంచాలకి అతుక్కుపోతామని తల్లికి భయం వేసింది. నెలకో పని, నెలకో సరదా అని నియమం పెట్టింది. మొదటి నెల పని కిటికీ తెరలు ఉతకడం, సరదా వీధి చివరిదాకా నడిచివెళ్ళి ఐస్‌క్రీం తినడం. ఐస్‌క్రీం తింటూ ఇద్దరూ ఏడ్చారు. అయినా సరే, అయినట్టే లెక్క వేసుకున్నారు. అలా మెల్లమెల్లగా ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

ఆ బల్ల దగ్గర మూడో కుర్చీ లిఫ్టాయనది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆసుపత్రి లిఫ్టు మొరాయించినప్పుడల్లా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ చుట్టూ తిరిగి ల్యాబు ముందు నుంచే వెళ్ళేవాడు. చూసీ చూసీ ఒకరోజు ఆవిడే అడిగింది, లిఫ్టు అటువైపు కదా ఉంది అని. అలా మొదలైన మాట రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల దాకా వచ్చింది. ఏడో తరగతి చదువుతున్న పిల్ల అడ్డు చెప్పలేదు. అమ్మ నవ్వుతూ ఉంటే నాకేం అంది. అతన్ని ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు, తనూ ఏమనీ పిలవలేదు. తల్లితో మాట్లాడేటప్పుడు మాత్రం "మీ లిఫ్టాయన" అనేది. అందులో ఆ "మీ" వినబడ్డప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది.

పాపం, మంచివాడే. మంచివాడు కాబట్టే తొందరెక్కువ. వచ్చిన మొదటి నెలలోనే ఇంటి పని కింద వంటింటి కుళాయి, స్నానాలగది గొళ్ళెం, అలమర తలుపులు, కిర్రుమనే మంచం అన్నీ ఒక్కడే బాగుచేసి పారేశాడు. నెలకొకటి చాలు మహానుభావా, మాకూ కాస్త మిగల్చండి అని భార్య మొత్తుకుంది. సరదా దగ్గరికొచ్చేసరికి మాత్రం అతను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకునేవాడు. చిన్నప్పటినుంచీ పని తప్ప మరొకటి ఎరగని మనిషి. ఒక నెల టీవీ చూస్తానన్నాడు. చూస్తూ చూస్తూ రిమోటు విప్పి శుభ్రం చేశాడు. అది సరదా కింద వస్తుందా రాదా అని తల్లీకూతుళ్ళు చాలాసేపు తగువులాడుకున్నారు.

నాలుగో నెల అతను కొంప ముంచుకున్నాడు.

ఆ ఆదివారం ముందు తల్లి చెప్పింది. ఇంటి పని, పాత బట్టల మూటలు తీసి సర్దడం. సరదా, రోజూ కాసేపు బాల్కనీలో ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం. ఇది ఆవిడ ఏడాదిగా పెట్టుకుంటూనే ఉంది, కూర్చోగానే చేతులు వాటంతటవే బట్టలు మడతపెడుతున్నాయి. పిల్ల చెప్పింది. పని, తన బీరువా. సరదా, ఈతకొలనులో గట్టు పట్టుకోకుండా ఆ చివరికి చేరడం.

"మీ సంగతి చెప్పండి," అంది భార్య.

అతను గొంతు సవరించుకున్నాడు. రెండు రోజులుగా లోపల నూరుకుంటున్న మాట అది. చెబితే పిల్ల కరిగిపోతుందనుకున్నాడు.

"ఇంటి పని, మేడమీద నీళ్ళ ట్యాంకు కడుగుతా. సరదా అంటే... అమ్మాయి తనంతట తను వచ్చి నాతో ఒక్క మాట చెప్పాలి. నేను అడక్కుండా. ఏదో ఒకటి. ఈ నెల అదే నా సరదా."

నవ్వుతూ ఇద్దరి వంకా చూశాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"నేను మీ సరదానా?" అంది పిల్ల.

"అబ్బే, అలా కాదమ్మా..."

"ఇది సరదా కింద రాదు. అమ్మా, చెప్పు. ఇంకొకళ్ళు చేసేదాన్ని తన ఖాతాలో ఎలా వేసుకుంటారు? నేనేమన్నా లిఫ్టునా, ఈ నెలలో బాగుచేసెయ్యడానికి?"

కుర్చీ వెనక్కి తోసి గదిలోకి వెళ్ళిపోయింది. అతను వెనక్కి తీసుకుంటానన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోకూడదన్న నియమం ఆ పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు పెట్టిందే, ఇప్పుడు దాన్ని నేను మారిస్తే ఇంకా మండిపోతుంది అంది భార్య. "నోరు జారారు. నెలాఖరు దాకా అనుభవించండి," అని అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది, రెండూ దాచుకుంది.

ఇక చూడాలి ఆ ఇంటి భాగోతం. అంతకుముందు రోజుకి నాలుగు ముక్కలైనా మాట్లాడే పిల్ల నోటికి తాళం వేసుకుంది. ఉప్పు అతని మోచేతి దగ్గరే ఉన్నా వంటింట్లో ఉన్న తల్లిని కేకేసి అడిగేది. అతని కాలి కింద తన పెన్సిలు పడితే అతను కదిలేదాకా నిలబడేది గానీ జరగమనేది కాదు. అతనికి మాట్లాడించాలంటే భయం, ఊరుకుంటే దిగులు. పలకరిస్తే ఇదిగో మళ్ళీ మొదలెట్టాడనుకుంటుంది. పలకరించకపోతే అలిగాడనుకుంటుంది. నలభై ఏళ్ళు దాటిన మనిషి తన ఇంట్లో తనే పిల్లిలా నడిచాడు. ఆ పిల్లకి తను ఇంకో బరువు అయ్యానని తెలిసి అతని మనసు నిజంగా నొచ్చుకుంది. మాట్లాడకపోతే మానె, నా మూలాన ఆ పిల్ల భోజనం దగ్గర తలొంచుకుని కూర్చోకుండా ఉంటే చాలు అనుకున్నాడు. సగం నెల గడిచేసరికి ఆశ వదిలేసుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున తల్లికి ల్యాబులో డ్యూటీ పడింది. పిల్లని ఈతకొలను దగ్గర దింపే పని అతనికొచ్చింది. బండి మీద ఇద్దరి మధ్యా ఈత సంచీ కూర్చుంది. దారిలో ఫోను మోగింది. పక్కవీధి అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోయింది, పై అంతస్తు పెద్దాయన డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మెట్లు దిగలేడు.

"నిన్ను దింపేసి వెళ్ళనా?" అన్నాడు.

పిల్ల ఆలోచించింది. అతను అడిగినట్టే కాబట్టి జవాబు చెప్పినా ఓడిపోయినట్టు కాదు. "పర్లేదు. ముందు అక్కడికే వెళ్దాం."

అక్కడ పెద్ద రోగమేమీ లేదు. మూడో అంతస్తులో తలుపు జరిగే గాడిలో చిన్న రాయి ఇరుక్కుని తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. దాన్ని తీసేసి, గాడి తుడిచి, పెద్దాయన్ని కిందికి దింపి ఆటో ఎక్కించాడు. కానీ వదిలెయ్యలేదు. లిఫ్టులో ఇంకేదో చప్పుడు వచ్చిందట. "రెండుసార్లు పైకీ కిందికీ తిరిగి చూడాలి. బయట నుంచుంటావా, వస్తావా?"

పిల్ల లోపలికి వచ్చింది. అతను అరచెయ్యి గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. లిఫ్టు కదిలింది. ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. తలుపు పైన అంకెలు మారుతున్నాయి, అవి చూస్తే చాలు.

"అదిగో," అన్నాడు తనలో తను. "గోడపక్క ఇనప పట్టాకి రుద్దుకుంటోంది. నూనె అయిపోయింది. పోయినేడాది ఈ చప్పుడు లేదు."

పైకి వెళ్ళారు, కిందికి వచ్చారు. మళ్ళీ బయల్దేరారు.

"పోయినేడాది చప్పుడు ఇప్పటికీ గుర్తుంటుందా?" అంది పిల్ల.

అతను కళ్ళు తెరిచాడు. అటు తిరగబోయి, తిరగకుండా ఆగాడు. "ఉంటుంది. అలవాటు."

అంకె మారింది. ఇంకో అంకె మారింది.

"నాకు నాన్న గొంతు గుర్తు రావట్లేదు."

అతను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

"వీడియోలున్నాయి. పెడితే వినబడుతుంది. ఇదివరకు ఆపేశాక కూడా ఉండేది. ఇప్పుడు ఆపగానే పోతోంది." పిల్ల అంకెలకేసే చూస్తోంది. "అమ్మకి చెప్పొద్దు. అమ్మ ఏడుస్తుంది. నేను మర్చిపోతున్నాననుకుంటుంది."

పై అంతస్తు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ లేరు, మూసుకున్నాయి. దేన్నయినా విప్పి చూసి సరిచేద్దామనే చేతులు అతనివి. ఈ ఒక్కదానికీ అవి పనికిరావని అర్థమై జేబులో పెట్టుకున్నాడు.

"మా అమ్మ గొంతు నాకూ గుర్తు లేదు," అన్నాడు చివరికి. "చాలా ఏళ్ళయిందిలే. మొదట్లో నాకూ చాలా భయమేసింది. ఎవరికీ చెప్పుకోలేదు. అరటితొక్క దారిలో పారేస్తే వెనకనుంచి కేకేసి వీపు మీద ఒక్కటేసేది. ఇప్పటికీ వెనకనుంచి ఎవరన్నా గట్టిగా కేకేస్తే, తొక్క పారేశానా అని కింద చూసుకుంటా. గొంతు పోయింది గానీ అమ్మ ఎక్కడికీ పోలేదు. వీపు మీదే ఉంది."

పిల్లకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముందు ఏడ్చింది. అతను దగ్గరికి తీసుకోలేదు, ధైర్యం చాలలేదు. జేబులో ఉన్న గుడ్డ తియ్యబోయాడు, నూనె మరకలు చూసి మళ్ళీ లోపల పెట్టేశాడు. లిఫ్టుని మాత్రం ఇంకో మూడుసార్లు ఊరికే తిప్పాడు. పిల్ల కళ్ళు తుడుచుకునేదాకా కింద ఆపలేదు.

ఇంటికెళ్ళాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. తల్లి బట్టల మూటలు సర్దింది, బాల్కనీలో చేతులు కట్టుకుని కూర్చుంది కూడా. నిజమేనని పిల్ల సాక్ష్యం చెప్పింది. పిల్ల బీరువా అద్దంలా ఉంది, ఈతలో ఆ చివరికి చేరింది. లిఫ్టాయన ట్యాంకు కడిగాడు.

"ఇక మీ సరదా," అంది భార్య.

పిల్ల పళ్ళెంలో వేలితో గీతలు గీస్తోంది. చెవుల దాకా ఎర్రబడింది. అతనికి ఆ చెవులు కనబడ్డాయి.

"కాలేదు," అన్నాడు.

"నెల మొత్తంలో ఒక్క మాటైనా?"

"లేదు."

"ఏమే, నీకంత మొండితనం..." అని తల్లి కూతురివైపు తిరిగింది.

"దాన్ననకు," అన్నాడతను, ఎన్నడూ లేనంత గట్టిగా. "అలాంటిది పెట్టుకోవడమే నాది తప్పు. ఈ వారం గిన్నెలు నావి." వచ్చే నెలకి సరదా ఏమిటని అడిగితే, నాకు ఈత రాదు, నీళ్ళంటే భయం, కనీసం మోకాలి లోతు దిగి చూస్తా అన్నాడు. తల్లి పకపకా నవ్వి బాల్కనీలోకి వెళ్ళింది.

అతను చొక్కా చేతులు పైకి మడిచి గిన్నెల ముందు నిలబడ్డాడు. సగం అయ్యేసరికి పక్కన అడుగుల చప్పుడు వినబడింది. పిల్ల మేకుకి వేలాడే పొడిగుడ్డ తీసుకుని కడిగిన పళ్ళెం తుడవసాగింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అంది గుసగుసగా.

"చెప్పొద్దన్నావుగా."

"ఏం చెప్పానో చెప్పొద్దన్నాను. అయిందని చెప్పొచ్చుగా."

"అయిందంటే మీ అమ్మ ఏంటని అడక్కుండా వదులుతుందా? రక్తం చుక్క చూసి రోగం చెప్పే మనిషి."

పిల్ల పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. అతను గిన్నె మీది నురగ చూస్తూ అన్నాడు, "అయినా అది నా సరదా కాదమ్మా. అది నీ బాధ. దాన్ని నేను గెలిచినట్టు ఎలా చెప్పుకుంటాను?"

పిల్ల చాలాసేపు అదే పళ్ళెం తుడిచింది.

"అమ్మకి నేనే చెప్తాను. ఇప్పుడే కాదు."

"నీ ఇష్టం. ఎప్పుడైనా చెప్పు."

అతను మిగతా గిన్నెలు తోమాడు. ఆఖరిది కడిగి బోర్లించబోతుండగా పిల్ల గుడ్డ రెండో చేతిలోకి మార్చుకుని, "మా ఈత మాస్టారు లేరూ, ఆయనకి పొద్దున ఏమయిందో తెలుసా?" అని మొదలుపెట్టింది. మాస్టారి ఈల నీళ్ళలో పడిపోయిందట. ఆయన దానికోసం దూకితే కళ్ళజోడు కూడా పడిపోయిందట. పిల్లలంతా వెతుకుతున్నామంటూ కాళ్ళతో ఇంకా దూరం తోసేశారట. ఆ కథ అప్పట్లో అయ్యేలా లేదు. ఆ వెనకే క్లాసులో ఒకమ్మాయి సంగతి కూడా ఉందట. తొట్టిలో గిన్నెలు అయిపోయాయి. లిఫ్టాయన ఒకసారి ఖాళీ తొట్టివైపు చూశాడు, ఒకసారి పిల్లవైపు చూశాడు, చప్పుడు చెయ్యకుండా బోర్లించిన గిన్నె ఒకటి తీసి మళ్ళీ సబ్బు రాయడం మొదలుపెట్టాడు.